డిక్కీలో బ్యాటు, మోపెడ్ మీద కత్తి

సంక్రాంతికి ఊరెళ్లడం అంటే మా ఇంట్లో ఒక పెద్ద ప్రాజెక్టు. హైదరాబాదులో తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాలనుకుని ఆరింటికి బయల్దేరతాం. మన 65వ నెంబరు హైవే (పాత అలవాటు కొద్దీ నేనింకా 9 అనే అంటాను) నేరుగా బందరు దాకా పోతుంది. మేం మాత్రం పామర్రులో దాన్ని వదిలేసి, కూచిపూడి, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వైపు తిరుగుతాం. దివిసీమ వాళ్లం మరి.

ఆమధ్య ఒక సంక్రాంతికి అలా వెళ్తుంటే దారిలో ఒకచోట పోలీసు చెకింగు. పండగ ముందు ఇది మామూలే, కోడిపందాల గొడవ. మా ముందు ఒక మోపెడ్. నడిపే మనిషికి యాభై ఏళ్లుంటాయేమో. వెనక సీటుకి గోనెసంచి చుట్టి కట్టిన పొడుగాటి కత్తి, దాని మీద చెట్లెక్కే మోకు.

"ఏంట్రా ఇది?"

"కొబ్బరి కత్తి బాబూ. కాయలు దింపడానికి పోతన్నా."

"పండగ పూట కత్తేసుకుని కాయలకా, బరి దగ్గరికా? దిగు, బండి పక్కన పెట్టు."

తర్వాత మా వంతు.

"ఎక్కడి నుంచి సార్? హైదరాబాదా? డిక్కీ ఒకసారి తీస్తారా?"

తీశాను. సూట్‌కేసులు, స్వీటు డబ్బాలు, పిల్లల సామాన్లు, వాటి పక్కన ఒక బేస్‌బాల్ బ్యాటు. ఆంధ్రదేశంలో బేస్‌బాల్ ఆడేవాణ్ణి నేనింతవరకూ చూళ్లేదు గానీ బ్యాటున్న కార్లు మాత్రం చాలా చూశాను :)

"ఇదేంటి సార్?"

"రాత్రిళ్లు హైవే మీద వస్తుంటాం కదండీ, సేఫ్టీకి."

"మంచిది సార్, ఫ్యామిలీతో ఉన్నారు. వెళ్లండి."

అద్దంలో చూస్తే ఆ మోపెడ్ మనిషి ఇంకా చెట్టు కిందే నిలబడి ఉన్నాడు. కాస్త దూరం పోయాక మా ఆవిడ అడిగింది: "అతని కత్తి తీసుకున్నారు, మన బ్యాటు ఎందుకు వదిలేశారు?" నా దగ్గర సమాధానం లేదు. పండగ అయిపోయి తిరిగొచ్చాక, రిలీజు లేని ఒక వారం చూసుకుని, అసలు బండిలో ఏది పెట్టుకోవచ్చు, ఏది పెట్టుకోకూడదు అని చదవడం మొదలుపెట్టాను. నేను లాయర్ని కాను, కోడు రాసుకునేవాణ్ణి. కానీ చట్టం కూడా ఒకరకంగా కోడే. పైగా చాలా పాత కోడు. ఎవరు రాశారో, ఎందుకు రాశారో తెలుసుకోకుండా దాని ప్రవర్తన అర్థం కాదు.

ముందు ఇప్పుడున్న చట్టం

1959 నాటి ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. అందులో ఆయుధం అంటే ఏమిటో చెప్పారు. దాడికి గానీ రక్షణకి గానీ ఆయుధంగా తయారుచేసిన, లేదా అలా మలచిన ఏ వస్తువైనా ఆయుధమే. తుపాకులు, పదునైనవి, ప్రాణం తీయగలిగినవి అన్నీ ఇందులోకొస్తాయి. ఆ వెంటనే ఒక మినహాయింపు ఉంది. కేవలం ఇంటి పనికో వ్యవసాయానికో చేసినవి ఆయుధాలు కావు. ఉదాహరణగా లాఠీని, మామూలు చేతికర్రని చట్టంలోనే పేరుపెట్టి చెప్పారు.

తుపాకీకి ఎక్కడైనా లైసెన్సు కావాలి. కత్తుల సంగతి వేరు. కేంద్ర ప్రభుత్వం ఫలానా ప్రాంతానికి, ఫలానా రకం ఆయుధాలకి అని 4వ సెక్షన్ కింద నోటిఫికేషన్ ఇస్తే, అక్కడ మాత్రమే లైసెన్సు ప్రశ్న వస్తుంది. ఢిల్లీలో 1980లో ఇచ్చిన అలాంటి నోటిఫికేషన్ వల్ల 7.62 సెంటీమీటర్లు, ఆపైన పొడవు, 1.72 సెంటీమీటర్లు, ఆపైన వెడల్పు ఉన్న బటన్ చాకు జేబులో ఉంటే కేసే. అంటే మూడంగుళాల చాకు.

నిబంధనల్లో ఇంకో కొలత ఉంది. 1962 నిబంధనల్లోనూ, వాటి స్థానంలో వచ్చిన 2016 నిబంధనల్లోనూ కత్తులు, బరిసెలు, బాకులు అయిదో తరగతి కిందకొస్తాయి. తొమ్మిదంగుళాల కంటే పొడవో, రెండంగుళాల కంటే వెడల్పో ఉన్న కత్తులు ఇందులో చేరతాయి. మళ్లీ అక్కడా మినహాయింపే: ఇల్లు, వ్యవసాయం, శాస్త్రం, పరిశ్రమ, ఈ నాలుగు పనుల కోసం చేసినవి లెక్కలోకి రావు.

ఇప్పుడు ఆ మోపెడ్ దగ్గరికి రండి. కొబ్బరి కత్తి తొమ్మిదంగుళాలు దాటుతుంది, రెండంగుళాల వెడల్పూ దాటుతుంది. అయినా వ్యవసాయపు పనిముట్టు కాబట్టి అది ఈ తరగతిలో లేదు. కొడవలి లేదు, చెరుకు నరికే కత్తి లేదు, కత్తిపీట లేదు. మన డెల్టాలో ఈ వస్తువులు లేని ఇల్లుండదు, అవి ఎక్కని బండి ఉండదు. ఉయ్యూరు చెరుకు తోటల్లోకి వెళ్లే ట్రాలీల్లో, వరి కోతలకి వెళ్లే ఆటోల్లో మనుషులకంటే ముందు కత్తులే ఎక్కుతాయి.

మరి నా బ్యాటు? అది ఆ జాబితాలో లేదు, కాబట్టి లైసెన్సు గొడవ లేదు. కానీ "సేఫ్టీకి" అన్నాను చూశారా, ఆ ఒక్క మాటతో నేను దాన్ని ఆటవస్తువుల్లోంచి తీసి "రక్షణ కోసం" అనే మాట పక్కన నిలబెట్టాను. అతను చెప్పిన సమాధానం చట్టంలో ఉన్న మినహాయింపు. నేను చెప్పిన సమాధానం చట్టంలో ఉన్న నిర్వచనానికి దగ్గర. ఆపింది అతన్ని, పంపింది నన్ను.

ఈ కోడు ఎవరు రాశారు

కత్తి పట్టుకుని తిరగడం మన దగ్గర ఒకప్పుడు వింత కాదు. ఉత్తర సర్కారుల్లో జమీందార్లకి సొంత బంట్లుండేవారు. కంపెనీ వాళ్లు 1802లో శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చినప్పుడు జమీందార్ల చేతిలోంచి పోలీసు అధికారం తీసేసుకున్నారు. దివిసీమలో చల్లపల్లి వారి దేవరకోట ఎస్టేటు కూడా ఈ పద్ధతి కిందకొచ్చినదే. అంటే ముందు పెద్దవాళ్ల సైన్యాలు పోయాయి. మామూలు రైతు ఇంట్లో కత్తి జోలికి అప్పటికింకా ఎవరూ రాలేదు.

1857 తిరుగుబాటుతో కథ మారింది. ఆ ఏడాదే తాత్కాలికంగా ఒక ఆయుధాల చట్టం, 1860లో ఇంకొకటి, చివరికి 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉండగా అసలు చట్టం వచ్చాయి. దేశభాషా పత్రికల నోరు నొక్కిన చట్టం కూడా 1878దే. ఒకే ఏడాదిలో కలమూ కత్తీ రెండూ చూసుకున్నారన్నమాట.

1878 చట్టం ఆయుధాలు అన్న మాటలో తుపాకులతో పాటు కత్తులు, బాకులు, బరిసెలు, చివరికి విల్లంబులు కూడా చేర్చింది. కానీ అసలు విషయం చట్టంలో కాదు, దాని కింద చేసిన నిబంధనల్లో ఉంది. యూరోపియన్లకీ ఆంగ్లో ఇండియన్లకీ మినహాయింపు. బిరుదులున్న పెద్దలకి మినహాయింపు. కొడగు జాతి వాళ్లకి మినహాయింపు (ఇది ఇప్పటికీ ఉంది). మిగతా అందరికీ లైసెన్సు. మన భాషలో చెప్పాలంటే ఇది వైట్‌లిస్టు. వస్తువు ఏమిటి అని కాదు, పట్టుకున్నది ఎవరు అని చూసే ప్రోగ్రాము.

అదే చట్టంలో బళ్ల గురించి కూడా ఉంది. అనుమానం కలిగేలా ఎవరైనా ఆయుధం మోసుకుపోతుంటే, లైసెన్సు ఉన్నా సరే, వారంటు లేకుండా పట్టుకోవచ్చు. ఈ ముక్క 1959 చట్టంలోకి కూడా వచ్చింది, 20వ సెక్షన్‌గా. అందులో ఒక తమాషా ఉంది. పట్టుకునే అధికారం పోలీసులకే కాదు, రైలు, విమానం, ఓడ, ఏ వాహనం మీదైనా పనిచేసే ఉద్యోగికి కూడా ఉంది. 36వ సెక్షన్ అయితే వాహనంలో వెళ్తున్న పెట్టెలో ఆయుధాలున్నాయని అనుమానమొస్తే పోలీసులకి చెప్పాల్సిన బాధ్యత కూడా ఆ ఉద్యోగి మీదే పెట్టింది. అంటే అవనిగడ్డ బస్సులో మన టిక్కెట్టు కొట్టే కండక్టరు గారికి చట్టం ఇంత పని అప్పజెప్పింది. ఆయనకి తెలుసో లేదో నాకు డౌటే.

ఆ సెక్షన్లో కీలకమైన మాట "అనుమానం". దాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

హక్కు కావాలన్నారు, తర్వాత వద్దన్నారు

ఈ చట్టం మీద చదువుకున్నవాళ్లకి మండింది. 1887లో మద్రాసులో జరిగిన మూడో కాంగ్రెసు సభ దీని మీద తీర్మానం చేసింది. అహింస గురించి చెప్పిన గాంధీగారు కూడా 1918లో ఖేడాలో సైన్యంలో చేరమని వేసిన కరపత్రంలో, బ్రిటిషు పాలన చేసిన చెడ్డపనుల్లో ఈ నిరాయుధీకరణనే అన్నిటికంటే నల్లటి మచ్చగా లెక్కేశారు. 1920 నిబంధనలతో జాతిని బట్టి ఇచ్చిన మినహాయింపులు చాలావరకు పోయాయి. 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల జాబితా రాసుకున్నప్పుడు, నిబంధనలకి లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు కూడా అందులో పెట్టింది.

మరి స్వతంత్రం వచ్చాక? 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ సరిగ్గా ఈ కరాచీ తీర్మానాన్నే గుర్తుచేసి, ఆయుధం ఉంచుకునే హక్కుని ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని సవరణ పెట్టారు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. ఎవరికి పడితే వాళ్లకి ఆ హక్కిస్తే ప్రభుత్వం నడవడం ఎలాగన్నది ఆయన వాదన. సవరణ వీగిపోయింది. మన బందరు డాక్టరు పట్టాభి సీతారామయ్య గారు ఆ సభలో సభ్యులు. అదే డిసెంబరులో జైపూర్ కాంగ్రెసుకి అధ్యక్షత వహించిందీ ఆయనే. 1935లో కాంగ్రెసు చరిత్ర గ్రంథం రాసిందీ ఆయనే. పరాయి పాలన మీద పోరాడుతున్నప్పుడు అడిగిన హక్కుని, సొంత పాలన చేతికొచ్చాక అదే పార్టీ పక్కన పెట్టింది.

రాజ్యాంగంలో చివరికి మిగిలిందేమిటంటే, 19వ అధికరణంలో సమావేశమయ్యే హక్కు దగ్గర "శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా" అన్న షరతు. ఇంకా, 25వ అధికరణంలో సిక్కుల కృపాణానికి ప్రత్యేకమైన రక్షణ. నా వరకు అంబేడ్కర్ చెప్పిందే సబబనిపిస్తుంది. అమెరికాలో ఉన్న మన స్నేహితులు పిల్లల స్కూళ్లలో చేయించే తుపాకీ డ్రిల్లుల గురించి చెబుతుంటే ఇంకా గట్టిగా అనిపిస్తుంది. నా గొడవ ఆ నిర్ణయంతో కాదు. హక్కు లేనప్పుడు, ఎవరి చేతిలో ఏముందో తేల్చేది ఎవరు, ఎలా అన్నదే.

గునపం ఎవరి చేతిలో ఉంది

ఇక్కడే ఇంకో పాత కోడు ఫైలు తెరవాలి. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 54వ సెక్షన్ వారంటు లేకుండా ఎవర్ని అరెస్టు చెయ్యొచ్చో చెబుతుంది. అందులో రెండో అంశం: సరైన కారణం లేకుండా ఇంటికి కన్నం వేసే పనిముట్టు దగ్గరున్నవాడు. కారణం సరైనదే అని నిరూపించుకోవాల్సిన భారం వాడిదే.

కన్నం వేసే పనిముట్టు అంటే ఏమిటి? గునపం, ఉలి, కత్తి. అదే గునపంతో పొలంలో గుంత తవ్వుతారు, ఎలుక బొరియ తవ్వుతారు, పందిరి గుంజ పాతుతారు. గునపం మీద రాసి ఉండదు అది దేనికో. కాబట్టి పోలీసు గునపాన్ని చూడడు, పట్టుకున్న మనిషిని చూస్తాడు.

ఆ మనిషి ఎవరో కూడా ప్రభుత్వం ముందే రాసిపెట్టింది. 1871లో ఉత్తరాదిన తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు. మన వైపు ఆ దెబ్బ తగిలింది ఎరుకల వాళ్లకి. ఎరుకలు ఒకప్పుడు గాడిదలు, ఎద్దుల మీద కోస్తా ఉప్పుని లోపలి ఊళ్లకి మోసి, అక్కణ్ణుంచి ధాన్యం తెచ్చి బతికినవాళ్లు. అప్పటి రవాణా రంగం వాళ్లే. ఉప్పు మీద సర్కారు పట్టు, ఆ తర్వాత రైళ్లు వాళ్ల వ్యాపారాన్ని మింగేశాయని మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి వివరంగా రాశారు. పని పోయినవాళ్లు ఊరూరా తిరుగుతుంటే, తిరగడమే నేరమైంది. కృష్ణకి అవతల బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు అలా పుట్టిందే. సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి నడిపించారు. దానికి పెట్టిన పేరు మద్రాసు గవర్నరు కౌన్సిల్లో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్‌ది. రిజిస్టరులో పేరెక్కిన మనిషి ఊరు దాటాలంటే పాసు కావాలి.

బుట్టలల్లడానికి ఈత మండలు, వెదురు చీల్చే కత్తి ఎరుకల మనిషి చేతిలో ఉంటే అది పనిముట్టా, కన్నపు కత్తా? చట్టం ప్రకారం నిరూపించుకోవాల్సింది ఆ మనిషే. ఎలా నిరూపిస్తాడు? బుట్ట అల్లి చూపించాలా?

1952లో ఈ క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని దేశమంతటా ఎత్తేశారు. కానీ ఆ కన్నపు పనిముట్టు క్లాజు మాత్రం 1973లో కొత్తగా రాసిన క్రిమినల్ ప్రొసీజర్ కోడులోకి 41వ సెక్షన్‌గా కాపీ పేస్టు అయింది. మన దగ్గర కూడా రీఫాక్టరింగ్ అంటే చాలాసార్లు ఇదే కదా. 2010 నవంబరులో అమల్లోకొచ్చిన సవరణతో గానీ అది పోలేదు. అంటే మనలో చాలామంది ఉద్యోగాల్లో చేరాక కూడా, గునపం చేతిలో ఉన్నవాణ్ణి అరెస్టు చేసే మాట చట్టంలో రాసి ఉంది. ఇప్పుడు రాతలో లేదు. అలవాటులో పోయిందా అంటే, ఆ చెట్టు కింద నిలబడ్డ మనిషిని అడగాలి.

సైకిలు చైను

నా తరం వాళ్లకి ఇంకో జ్ఞాపకం ఉంటుంది. 1988 డిసెంబరు 26న విజయవాడలో నిరాహార దీక్షలో ఉన్న వంగవీటి మోహనరంగాని చంపేశారు. కోస్తా అంతా తగలబడింది. కర్ఫ్యూలు. నేనప్పుడు చిన్నపిల్లాణ్ణి. మా మామయ్య లారీ నడిపేవాడు. ఆ వారం ఆయన క్యాబిన్లో సీటు పక్కనే జాకీ రాడ్డు పెట్టుకోవడం గుర్తుంది. "టైరు మార్చడానికా మామయ్యా?" అంటే "దేనికైనా మార్చడానికేరా" అన్నాడు. అప్పుడు అర్థం కాలేదు.

మర్నాటి ఏడాది, 1989 అక్టోబరులో శివ సినిమా వచ్చింది. విజయవాడలో ఇంజనీరింగు చదివిన వర్మ, కాలేజీ గొడవల సినిమాలో హీరో చేతికి కత్తో తుపాకో ఇవ్వలేదు, సైకిలు చైను ఇచ్చాడు. అది ఎందుకంత దెబ్బ కొట్టిందో ఇప్పుడు అర్థమవుతోంది. సైకిలుకి ఉన్నంతసేపు చైను బండిలో భాగం. తెంపి చేతికి చుట్టుకున్న క్షణం నుంచి అది ఆయుధం. "తయారుచేసిన, లేదా మలచిన" అన్న చట్టం మాటకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకెక్కడా దొరకలేదు.

కారు కంపెనీ ఇచ్చే వీల్ స్పానరు కూడా అంతే. స్పేర్ టైరు పక్కన ఉంటే టూల్‌కిట్. అయిదుగురు మనుషులు, రెండు కత్తులు, తాడు, కారం పొట్లాలతో పాటు అదే స్పానరు దొరికితే, దోపిడీకి సిద్ధమవుతున్నారన్న కేసు. పాత శిక్షాస్మృతిలో 399, 402 సెక్షన్లు, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 310. కారం పొట్లం మన ఇంట్లో ఉంటే ఆవకాయకి, పోలీసుల ప్రెస్‌మీట్ బల్ల మీద ఉంటే కళ్లల్లో కొట్టడానికి :)

నవ్వొచ్చినా ఇందులో న్యాయముంది. చట్టం వస్తువుని ఒక్కదాన్నే చూడదు. చోటు, సమయం, ఎంతమంది, పక్కన ఇంకేమున్నాయి, అన్నీ కలిపి ఉద్దేశం ఏమిటని ఊహిస్తుంది. 144 సెక్షన్ (ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 163) పెట్టినప్పుడైతే, ఆయుధాల చట్టం పేరుపెట్టి మినహాయించిన లాఠీని కూడా పట్టుకుని తిరగొద్దని ఉత్తర్వు ఇవ్వొచ్చు. మామూలుగా రెండు నెలలు దాటకూడదు. నిన్న చేతికర్ర, ఇవాళ నేరం, మూడో నెల మళ్లీ చేతికర్ర.

అన్నిటికంటే చిన్న కత్తి

ఇప్పుడు ఆ చెకింగు దేనికి పెట్టారో దాని సంగతి. పందెం కోడి కాలికి కట్టే కత్తి వేలెడంత ఉంటుంది. తొమ్మిదంగుళాల లెక్కలో అది దరిదాపుల్లోకి కూడా రాదు. అయినా సంక్రాంతికి గుడివాడ, బందరు, అవనిగడ్డ రోడ్ల మీద వెతికేది దాని కోసమే. దానికి వర్తించేది ఆయుధాల చట్టం కాదు. 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద చట్టం. మొదటి చట్టం కింద జంతువుల్ని కొట్లాటకి దింపితే తొలి నేరానికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. బరి దగ్గర పార్కింగుకి కూడా చాలని డబ్బు. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు పందాలు జరక్కుండా చూడమని గట్టిగా చెప్పింది. ఆ తర్వాత కూడా ప్రతి పండక్కీ ఏం జరుగుతోందో మీకు నేను చెప్పక్కర్లేదు.

అదే వేలెడంత కత్తి 2018 అక్టోబరు 25న విశాఖ విమానాశ్రయంలో అప్పటి ప్రతిపక్ష నాయకుడి భుజం మీద దిగితే, కేసు ఎన్ఐఏ దాకా, విమానయాన భద్రత కోసం 1982లో చేసిన చట్టం దాకా వెళ్లింది. బరిలో యాభై రూపాయల కత్తి, విమానాశ్రయంలో దేశ భద్రత కత్తి. ఇనుము అదే.

కాబట్టి ఆ రోజు ఆ పోలీసాయన చెయ్యాల్సిన పని కోడికత్తి వెతకడం. వేలెడంత కత్తిని దాచాలంటే జేబు చాలు, డాష్‌బోర్డు చాలు, స్వీటు డబ్బా ఇంకా బాగా చాలు. గోనెసంచిలో చుట్టి, పిడి బయటికి కనిపించేలా, మోకుతో సహా తీసుకెళ్లే మనిషి కోడికత్తిని దాస్తున్నట్టా? ఆలోచిస్తే నా స్వీటు డబ్బాలు ముందు చూడాలి. ఎవరూ చూళ్లేదు.

బయటి దేశాల్లో

ఇంగ్లండులో ఉన్న మిత్రుడొకడితో మాట్లాడితే అక్కడి చట్టం చెప్పాడు, తర్వాత నేనూ చదివాను. 1953 చట్టం ప్రకారం బహిరంగ ప్రదేశంలో దాడికి పనికొచ్చే ఆయుధం దగ్గర పెట్టుకోకూడదు. ఆయుధం మూడు రకాలు: దానికోసమే చేసింది, దానికోసం మలచింది, మామూలు వస్తువే అయినా ఆ ఉద్దేశంతో దగ్గర పెట్టుకున్నది. 1988 చట్టం కత్తుల గురించి ఇంకా గట్టిగా చెప్పింది. మూడంగుళాల లోపు మడత చాకు తప్ప వేరేది ఉంటే సరైన కారణం చూపించాలి. వృత్తి పనికి అనేది సరైన కారణమే. "ఎప్పుడైనా ఎవరైనా మీదకొస్తే ఉంటుందని" అనేది మాత్రం కారణంగా పనికిరాదు. ప్రమాదం అప్పటికప్పుడు ముంచుకొస్తుంటే తప్ప.

అంటే అక్కడి చట్టం మాటల ప్రకారం వదిలేయాల్సింది కొబ్బరి కత్తి మనిషిని, నిలబెట్టాల్సింది నన్ను. అక్కడ కూడా ఎవర్ని ఆపి వెతుకుతున్నారన్న గొడవ ఏళ్ల తరబడి నడుస్తోందనుకోండి, అది వేరే కథ. మన దగ్గర ఆత్మరక్షణ హక్కు ఉంది, పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా, కొత్త సంహితలో 34 నుంచి 44 దాకా. కానీ అది దాడి జరుగుతున్నప్పుడు వాడుకునే హక్కు. డిక్కీలో బ్యాటు పెట్టుకుని తిరగడానికి ఇచ్చిన లైసెన్సు కాదు. రేపెప్పుడో రోడ్డు మీద ఓవర్‌టేకింగు దగ్గర తగువై, కోపంలో నేను ఆ బ్యాటు బయటికి తీస్తే, "సేఫ్టీకి" అని ఇన్నాళ్లూ చెప్పిన మాటే కోర్టులో నా ఉద్దేశానికి సాక్ష్యం అవుతుంది.

ఇంతకీ

నూటయాభై ఏళ్ల ఈ కోడంతా చదివాక నాకర్థమైంది ఇది. చట్టం వస్తువుని కాదు, ఉద్దేశాన్ని చూస్తానంటుంది. మంచిదే. అలా చూడకపోతే కత్తిపీట కొన్న ప్రతి ఇల్లాలూ లైసెన్సు తీసుకోవాలి. కానీ ఉద్దేశం కంటికి కనపడదు. కనపడని దాని స్థానంలో కనపడేది పెట్టుకుంటాం: చొక్కా, బండి, మాట్లాడే తీరు, ఇంటిపేరు. 1878లో ఆ జాబితా కాయితం మీద ఉండేది, ఫలానా జాతులకి మినహాయింపు అని. 1911 తర్వాత రిజిస్టరులో ఉండేది, ఫలానా కులాలు నేరస్థులు అని. కాయితాలు రెండూ చింపేశాం. జాబితా మాత్రం "ఏంట్రా", "సార్" అనే రెండు మాటల మధ్య బతికే ఉంది.

ఆ పోలీసాయన మీద నాకు కోపం లేదు. పండగ పూట ఇంటికి పోకుండా ఎండలో నిలబడ్డ మనిషి. నా బాధ నా గురించి. అది కొబ్బరి కత్తి అని నాకు తెలుసు, నేను కొబ్బరి చెట్ల మధ్యే పుట్టాను. కిటికీ దించి "అది కాయలు దింపే కత్తేనండీ, మోకు కూడా ఉంది చూడండి" అని ఒక్క మాట అంటే సరిపోయేది. "సార్" అనిపించుకునేవాడి మాట అక్కడ చెల్లుతుంది. ఆలస్యమవుతోందని అద్దం ఎత్తేశాను.

ఆ రాత్రి నాన్నకి ఇదంతా చెప్పాను. ఆయన లేచి వెళ్లి వసారా చూరులోంచి మా పాత కత్తి తీసుకొచ్చారు. 1977 నవంబరు ఉప్పెన తర్వాత ఇంటి ముందు పడ్డ చెట్లు నరికి దారి చేసింది దానితోనే. పిడి రెండుసార్లు మారింది. పొడవు కొలిస్తే పద్నాలుగంగుళాలు పైనే ఉంది.

"దీన్ని సైకిలుకి కట్టుకుని అవనిగడ్డ, నాగాయలంక ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు" అన్నారు.

"ఎప్పుడూ ఎవరూ ఆపలేదా నాన్నా?"

"మనల్నెవరు ఆపుతార్రా" అన్నారాయన, కత్తి మళ్లీ చూరులో దోపుతూ.

తిరుగు ప్రయాణంలో బ్యాటు ఊళ్లోనే వదిలేశాను. మా తమ్ముడి కొడుకు దాంతో క్రికెట్ ఆడుతున్నాట్ట.